మూడన్నంత మాత్రాన త్రికమేనా?

ఇంగ్లీషులో ‘ట్రిప్లెట్’ అనే మాట ఉంది. చూపులకు సాధువైన మాట. మూడింటి జట్టు అని నిఘంటువు చెప్పి ఊరుకుంటుంది. దానికి తెలుగేమని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా ‘త్రికం’ అంటారు, కొందరు ‘త్రయం’ అంటారు. రెండూ మంచి మాటలే. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిసి త్రికటుకమయ్యాయి. నన్నయ, తిక్కన, ఎర్రనలు కవిత్రయమయ్యారు. వీటితో ఎవరికీ పేచీ లేదు. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో అరడజను పనులు చేయించుకొంటున్నాడు గనుక మనమూ ఒక్క మాటనే ఆ పనులన్నిటికీ తోలాలనడం మీదనే నా పేచీ. ముఖ్యంగా భౌతికశాస్త్రం వారి ట్రిప్లెట్‌ను త్రికమనడం తెలుగులో చదువుకొనే పిల్లవాణ్ణి తప్పుదారి పట్టించడమేనని ఈ టపాలో చెప్పదలచుకొన్నాను.

తెలుగు పండితుడికి భౌతికశాస్త్రంతో ఏం పని అని అడుగుతారేమో. శాస్త్రం వారిది, మాట మనది. మాట కుదరకపోతే శాస్త్రానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ మాట చేయి పట్టుకొని శాస్త్రంలోకి దిగే పిల్లవాడే నష్టపోతాడు.

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డికి పోయి డిగ్రీ చదువుకొనే అబ్బాయి ఒకడు, బడిలో నా దగ్గర ఛందస్సు నేర్చినవాడు, ఒకనాడు రసాయనశాస్త్రం నోట్సు పట్టుకొచ్చాడు. అందులో ‘ఆక్సిజన్ అణువు త్రిక స్థితిలో ఉంటుంది’ అని వ్రాసి ఉంది. “సార్, త్రిక ఆక్సిజన్ అంటే ఓజోనే గద? మూడుంటయి గద” అన్నాడు. వాడి తర్కంలో లోపమేమీ లేదు. త్రికమంటే మూడింటి కూడిక. మూడు ఆక్సిజన్ పరమాణువులు కూడితే ఓజోన్. కాబట్టి త్రిక ఆక్సిజన్ ఓజోనే కావాలి. కాని ఆ వాక్యం చెబుతున్నది మనం అనుక్షణం పీల్చే మామూలు ఆక్సిజన్ గురించి. అందులో పరమాణువులు రెండే. పోవలసిన ఊరు ఒకటైతే మాట వాణ్ణి వేరే ఊళ్ళో దింపిపోయింది.

అసలు మూడు అనేది ఎన్ని విధాలుగా మూడవుతుందో చూస్తే ఈ చిక్కు తేలికగానే విడుతుంది.

ఎల్లారెడ్డి ప్రాంతంలో నిజాంసాగర్‌ను నింపి దిగువకు పోయే మంజీర, కందకుర్తి దగ్గర హరిద్రతో పాటు గోదావరిలో కలుస్తుంది. అది త్రివేణి. సంగమం దాటిన తరువాత దోసిట్లో నీళ్ళు తీసుకొని ఇది మంజీర, ఇది హరిద్ర అని ఎవరూ చెప్పలేరు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. శివునికి, విష్ణువుకు, సూర్యునికి మూడు గర్భాలయాలు, నడుమ అందరికీ ఒకటే రంగమండపం. అక్కడ మూడూ మూడుగానే నిలుస్తాయి. 2016లో ఏర్పడిన మా కామారెడ్డి జిల్లా కూడా అటువంటిదే. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ మూడు రెవెన్యూ డివిజన్లు. కలెక్టరు ఒకరే గాని ఏ ఊరి గొడవ ఆ ఊరిదే. ఇక మూడో విధం మన ఆడవాళ్ళ మెడలో ఉంది. ముప్పేట గొలుసు. గొలుసు ఒకటే, పేటలు మూడు. మెడలో వేసుకొన్నది ఎన్ని నగలని అడిగితే ఒకటనే చెబుతారు.

కలిసి ఒకటైన మూడు, కలిసి ఉన్నా విడిగా నిలిచే మూడు, మూడుగా కనిపించే ఒకటి. ఇంగ్లీషు ట్రిప్లెట్ ఈ మూడింటినీ తనలో దాచుకొంది. త్రికం మొదటిదానికి అతికినట్టు సరిపోతుంది, రెండోదానికి సర్దుకొంటుంది, మూడోదానికి బొత్తిగా పనికిరాదు.

మొదటిదానికి జీవశాస్త్రంలో గొప్ప ఉదాహరణ ఉంది. జీవకణంలో ప్రోటీన్ల తయారీకి కావలసిన ఆదేశమంతా నాలుగు అక్షరాల లిపిలో ఉంటుందట. ఆర్.ఎన్.ఏ. పరిభాషలో ఆ అక్షరాలు ఎ, యు, జి, సి. కణం వాటిని మూడేసి చొప్పున చదువుతుంది. మూడక్షరాల మాట ఒక్కొక్కటీ ఒక ఎమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 వస్తాయి; వాటిలో 61 ఎమైనో ఆమ్లాలకు, మిగిలిన 3 ‘ఇక ఆపు’ అని చెప్పడానికి. ఇదే ట్రిప్లెట్ కోడ్. మూడేసి అక్షరాలుగా చదవడమే సరైనదని 1961లో క్రిక్, బ్రెన్నర్ బృందం తేల్చింది. యు-యు-యు అంటే ఫినైల్ అలనిన్ అని అదే ఏడు నీరెన్‌బర్గ్, మత్తై కనిపెట్టారు. తక్కిన మాటలను విప్పడంలో పాలుపంచుకొన్న మన హరగోవింద ఖొరానాకు 1968లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

దీనిని విని ఏ తెలుగు పండితుడైనా ముసిముసిగా నవ్వుకోవలసిందే. మూడక్షరాల గణాలు మన కులవృత్తి గదా! మనకు అక్షరాలు రెండే రకాలు, గురువు, లఘువు. వాటిని మూడేసిగా పేరిస్తే ఎనిమిది గణాలు: య, మ, త, ర, జ, భ, న, స. వారిది మూడు నాలుగులు హెచ్చించి 64, మనది మూడు రెళ్ళు హెచ్చించి 8. లెక్క ఒకటే.

పోలిక అక్కడితో ఆగదు. క్రిక్ బృందం చేసిన ప్రయోగమేమిటంటే, జన్యువులో ఒక అక్షరం అదనంగా చొప్పించడం. ఒకటి చొప్పిస్తే అక్కడినుంచి చదువంతా తప్పుతుంది, ఎందుకంటే మూడేసిగా విడగొట్టే చోటు జరిగిపోతుంది. రెండు చొప్పించినా తప్పుతుంది. దగ్గరదగ్గరగా మూడు చొప్పిస్తే ఆ తరువాత మళ్ళీ దారిలో పడుతుంది. మనవాళ్ళు ఈ ప్రయోగాన్ని పద్యంలో ఎప్పుడో చేసి ఉంచారు. ఉత్పలమాలకు గణాలు భ ర న భ భ ర వ, అక్షరాలు 20. దాని మొదటి గురువును తీసివేసి ఆ స్థానంలో రెండు లఘువులు పెట్టండి. మిగిలిన 19 అక్షరాల జోలికి పోవద్దు. ఇప్పుడు గణాలు విడగొట్టి చూడండి. న జ భ జ జ జ ర. అది చంపకమాల! పాదంలో ఒక్క అక్షరం పెరిగింది, గణవిభజన ఆద్యంతం మారిపోయింది. శార్దూలానికి అదే మందు వేస్తే మత్తేభం వస్తుంది: మ స జ స త త గ కాస్తా స భ ర న మ య వ అవుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ రెండు జంటల గణాలనూ వేరువేరుగా బట్టీపట్టి పరీక్షలో తారుమారు చేస్తుంటారు. ఈ కిటుకు చెబితే బట్టీ సగం తగ్గుతుంది. రేపు ఇంటర్మీడియెట్‌లో జన్యువుల పాఠం వచ్చినప్పుడు మిగతా సగం అక్కడ అక్కరకు వస్తుంది. ఒక్క తేడా చెప్పాలి. మన దగ్గర అక్షరం పెరిగితే మరో అందమైన వృత్తం పుట్టింది. జన్యువులో అట్లా జరిగితే ఎక్కువసార్లు ప్రోటీన్ పాడై కూర్చుంటుంది.

కనుక జీవశాస్త్రం వారు ట్రిప్లెట్‌ను త్రికమంటే నాకు పూర్తి సమ్మతం. త్రికసంకేతం, అక్షరత్రికం ఏదైనా సరే. ‘గణం’ అన్నా నాకు సంతోషమే గాని, గణితం వారు గ్రూపుకు, సమూహానికి ఆ మాట మీద కన్నేసి ఉంచారు, వారితో తగవెందుకు?

ఇక చిక్కంతా ఉన్న భౌతికశాస్త్రానికి వద్దాం.

ఎలక్ట్రానుకు స్పిన్ అనే గుణం ఉంది. దానిని కొలిస్తే రెండే విలువలు, పైకి లేదా కిందికి. గురువు, లఘువు అనుకొందాం. ఇప్పుడు ఎలక్ట్రాన్లు రెండున్నాయి. రెండక్షరాల ప్రస్తారం వేస్తే గగ, గల, లగ, లల అని నాలుగు వస్తాయి. గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున మాత్రలు లెక్కిస్తే వరుసగా నాలుగు, మూడు, మూడు, రెండు. అంటే నాలుగు మాత్రలది ఒకటి, రెండు మాత్రలది ఒకటి, మూడు మాత్రలవి మాత్రం రెండు. ఎలక్ట్రాన్లలో ఇది మొదటిది, అది రెండోది అని గుర్తుపెట్టే వీలు ప్రకృతి ఇవ్వలేదు. అందుచేత గల, లగ అనేవి విడివిడిగా నిలవవు. ఆ రెంటినీ కూడితే ఒక రూపం, ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే మరో రూపం వస్తాయి. కూడగా వచ్చినది గగ, లల తోడుగా ముగ్గురి కుటుంబమవుతుంది. తీసివేయగా వచ్చినది ఒంటరిగా మిగిలిపోతుంది. ఆ ముగ్గురి కుటుంబమే ట్రిప్లెట్, ఒంటరిది సింగ్లెట్.

గమనించారా? ఇక్కడ మూడు వస్తువులు లేవు. ఉన్న ఎలక్ట్రాన్లు రెండు. ఆ రెండూ కలిసి ఉండే స్థితి ఒకటే, దానికి మూడు పేటలు. అయస్కాంతం దగ్గర లేనప్పుడు సాధారణంగా పేటలు ఒకదానిమీద ఒకటి పడి ఒకే తీరుగా ఉంటాయి. అయస్కాంతం తెచ్చిపెడితే విడి కనిపిస్తాయి. ఇది త్రికం కాదు, ముప్పేట.

ఇటువంటి చీలికను లోకానికి మొదట చూపినవాడు డచ్చి దేశపు పీటర్ జీమన్. 1896లో అయస్కాంతం నడుమ సోడియం మంట పెట్టి దాని వెలుగు గీతలు వెడల్పు కావడం గమనించాడు. మరుసటి ఏడు కాడ్మియం గీతను పేటలుగా విడదీసి చూపాడు. అతనికీ, దానికి కారణం చెప్పిన లోరెంజ్‌కూ 1902లో నోబెల్ వచ్చింది. అయితే అది ఒక గీత అయస్కాంతం వల్ల మూడు కావడం. అయస్కాంతమేమీ లేకుండానే గీతలు గుంపులుగా వచ్చే మూలకాలున్నాయి. సోడియం పసుపు గీత నిజానికి రెండు పేటలు. మెగ్నీషియం ఆకుపచ్చ గీత మూడు పేటలు. ఈ గుంపులకు ‘మల్టిప్లెట్’ అని పేరు పెట్టినవాడు స్పెయిన్ దేశస్థుడు మిగెల్ కతలాన్, 1922లో. మన విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, కొచ్చెర్లకోట రంగధామరావుగారు జీవితమంతా ఇటువంటి వర్ణపటాల గీతలతోనే గడిపారు. అక్కడే సూరి భగవంతంగారు టి. వెంకటరాయుడుగారితో కలిసి సౌష్ఠవ గణితాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ వ్రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. కార్బన్ టెట్రాక్లోరైడ్ అణువుకు తొమ్మిది కంపనరీతులున్నా పౌనఃపున్యాలు నాలుగే ఎందుకున్నాయంటే ఆ గణితం చెబుతుంది: ఒకటి ఒంటిపేట, ఒకటి జంటపేట, రెండు ముప్పేటలు. ఒకటి, రెండు, మూడు, మూడు, కూడి చూసుకోండి.

ట్రిప్లెట్‌కు తెలుగు నేల మీద పుట్టిన కథ మరొకటి ఉంది. అది చెప్పకపోతే గుంటూరువారు నన్ను క్షమించరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానికోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఇంగ్లీషు బృందం ఒకటి కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో పరిశీలకులకు పసుపు గీత ఒకటి కనిపించింది. సోడియం గీతే కాబోలునని కొందరు అనుకొన్నారు. అది సోడియం గీతల పక్కన ఉన్న వేరే గీత అని అదే ఏడు ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. దానికి డి-3 అని పేరు వచ్చింది. అది భూమి మీద అప్పటికి తెలియని మూలకానిదని ఊహించి హీలియమన్నారు. 1895లో రామ్సే ఆ మూలకాన్ని భూమి మీద ఖనిజంలో పట్టుకొన్నాడు.

ఆ తరువాతి సంగతి తక్కువమంది చెబుతారు. హీలియం గీతలను రుంగె, పాషెన్ అనే జర్మన్లు వరుసలు పేర్చి చూస్తే, ఒకదానితో ఒకటి పొత్తులేని రెండు వంశాలుగా తేలాయి. ఇది ఒక మూలకం కాదు, రెండు వాయువుల మిశ్రమమని వారు తలచారు. ఒక కడుపున పుట్టి రెండు కాపురాలు పెట్టి మాటలు మానుకొన్న అన్నదమ్ముల్ని చూసి వీళ్ళు ఒకే ఇంటివారని ఎవరనుకొంటారు? 1926లో హైజెన్‌బర్గ్ దాని గుట్టు విప్పాడు. హీలియంలోని రెండు ఎలక్ట్రాన్లు సింగ్లెట్‌గా ఉంటే ఒక వంశం, ట్రిప్లెట్‌గా ఉంటే మరొకటి. ఒకదానిలోనుంచి మరొకదానిలోకి దూకడం మహాకష్టం. గుంటూరు, మచిలీపట్నం ఆకాశంలో కనిపించిన ఆ డి-3 గీత ఉందే, అది ట్రిప్లెట్ వంశానిది! హీలియం మొట్టమొదట మనుషుల కంటబడిందే ముప్పేట రూపంలో, అదీ ఆంధ్రదేశంలో. ఇంత సంబంధమున్న సంగతికి మన భాషలో తిన్నని మాట లేకపోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి ఆక్సిజన్ సంగతి. ఆక్సిజన్ అణువులో జతకూడని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అవి ముప్పేట స్థితిలో ఉంటాయి. అందుకే ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతపు ధ్రువాల నడుమ పోస్తే కింద పడిపోకుండా అక్కడే వేలాడుతుంది. అంతకంటె పెద్ద సంగతి, మన ఒళ్ళు, కట్టెలు, గడ్డివాములు అన్నీ చాలామటుకు సింగ్లెట్ అణువులతో అయినవి. ముప్పేట ఆక్సిజన్‌కూ వీటికీ సూటిగా పొత్తు కుదరదు, నిప్పు తగిలించి రాజేయాలి. ఆ అడ్డు లేకుంటే ఆక్సిజన్ ఇంత నిండుగా ఉన్న గాలిలో గడ్డివాము నిలిచేది కష్టం. ఆక్సిజన్‌ను సింగ్లెట్‌గా మార్చితే ఎంత దూకుడుగా ఉంటుందో రసాయనశాస్త్రం వారిని అడిగితే చెబుతారు. ఇంత ముఖ్యమైన సంగతిని పిల్లవాడు ఓజోన్ అనుకొని ఊరుకొన్నాడంటే నేరం మాటది.

త్రికం వాదులకు నేను చూపే ఆఖరి సాక్ష్యం క్వార్కులు. ప్రోటాన్‌లో మూడు క్వార్కులుంటాయని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. క్వార్కుకు ‘రంగు’ అనే గుణం ఉంది. పేరుకు రంగే గాని కంటికి కనిపించేది కాదు. అది మూడు రకాలు. ఒక్క క్వార్కు ఆ మూడు రంగుల్లో దేనితోనైనా ఉండగలదు గనుక ఆ ఒంటరి క్వార్కును రంగు విషయంలో ట్రిప్లెట్ అంటారు. మూడు క్వార్కులు కలిసి ప్రోటాన్ అయినప్పుడు రంగులు ఒకదానినొకటి కప్పుకొని పోతాయి. ఆ మూడింటి కూటమిని సింగ్లెట్ అంటారు. అంటే ఒంటరిగా ఉన్నది ట్రిప్లెట్, మూడు కలిసినది సింగ్లెట్! దీనిని ‘ఒక క్వార్కు త్రికం, మూడు క్వార్కులు ఏకం’ అని తెలుగు చేసి పిల్లల ముందు పెట్టండి, ఏం జరుగుతుందో చూద్దాం. ‘ఒక్క క్వార్కుకు మూడు రంగుల పేటలు, ప్రోటాన్‌ది ఒంటిపేట’ అంటే కనీసం కూర్చొని ఆలోచిస్తారు.

కనుక నా ప్రతిపాదన ఇది. సింగ్లెట్‌కు ఒంటిపేట, డబ్లెట్‌కు జంటపేట, ట్రిప్లెట్‌కు ముప్పేట, మల్టిప్లెట్‌కు పలుపేట. ఇవి నేను పుట్టించినవి కావు. కామారెడ్డి బంగారం దుకాణంలో కూర్చొన్న ఏ పెద్దమ్మనడిగినా ఒంటిపేటకూ ముప్పేటకూ తేడా చెబుతుంది. స్థితికీ ఇవే, వర్ణపటంలో గీతకూ ఇవే. పత్రికలవారు ‘ముప్పేట దాడి’ అంటూ మూడు వైపుల నుంచి అనే అర్థంలో దీనిని అరగదీస్తున్న మాట నిజమే. దానివల్ల గొలుసు అర్థం చెడిపోలేదు.

కొందరు మిత్రులంటారు: ఎందుకీ ప్రయాస, ట్రిప్లెట్‌ను ట్రిప్లెట్ అనే ఉంచరాదా అని. మన తెలంగాణలో ఈ వాదానికి పాత చరిత్ర ఉంది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పాలని పూనుకొంది. అంతకు ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాదశాలను పెట్టి వేలకొద్ది పారిభాషిక పదాలు కల్పించారు. ఇటు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన చంద్రికా మండలి 1906లో హైదరాబాదులోనే పుట్టి తెలుగులో శాస్త్రగ్రంథాలు వేసింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, పి.వి. నరసింహారావుగారు దాని తొలి అధ్యక్షులు. ఆ మాటలు చాలావరకు పరీక్షకోసం చేసినవి. ఇంగ్లీషు మాట స్థానంలో కూర్చోబెట్టడానికి అదే పొడవు, అదే బరువు ఉన్న సంస్కృతపు మాట కావలసివచ్చింది. ఇప్పుడు ఆ అవసరం పోయింది. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే పుస్తకాలిచ్చారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. కాని తెలుగు మాటకు పని మారిందని మాత్రం గ్రహించాలి. పరీక్ష కాగితంలో పిల్లవాడు ట్రిప్లెట్ అనే వ్రాస్తాడు, వ్రాయనివ్వండి. ఎదుటి పుటలోని తెలుగు మాట వాడికి ఆ ట్రిప్లెట్ లోపలిని చూపించాలి. ఇంగ్లీషు ఎంత మూసుకొని ఉందో తెలుగూ అంతే మూసుకొని ఉంటే, రెండో పుట కాగితం దండుగ.

తక్కిన ట్రిప్లెట్లతో పెద్ద ఇబ్బంది లేదు. సంగీతంలో రెండు స్వరాల కాలంలో మూడు స్వరాలు పలికించడాన్ని ట్రిప్లెట్ అంటారు. మనకు తిశ్రం ఉండనే ఉంది, తకిట అని మూడక్షరాలు నోటికి రాని మృదంగ విద్యార్థి ఉండడు. మా వైపు ఊరేగింపుల్లో మోగే తీన్మార్ పేరులోనే మూడుంది. 1893లో డెన్నిస్ టేలర్ అనే ఇంగ్లీషువాడు మూడు కటకాలు ఎడంగా పేర్చి కెమెరా కోసం చేసిన అమరికను కుక్ ట్రిప్లెట్ అంటారు. అవి త్రికూటాలయంలో గర్భగుళ్ళలాగా విడివిడిగా నిలిచి ఒకే పని చేస్తాయి. అక్కడ కటకత్రయమంటే చాలు.

మిగిలింది ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు పిల్లలు. ఇంగ్లీషులో ఆ ముగ్గురిలో ప్రతి ఒక్కరినీ ట్రిప్లెట్ అనవచ్చు, అదొక వింత. మనవాళ్ళు ‘ముగ్గురు కవలలు’ అని వ్రాస్తున్నారు. కవ అంటేనే జంట. కనుగవ అంటే రెండు కళ్ళు. కవలలు ముగ్గురెట్లా అవుతారు? ఎల్లారెడ్డిలో ‘ఒక్క కాన్పుల ముగ్గురు పుట్టిండ్రు’ అంటారు. వాక్యానికది బాగుంది. కాని ఆ ముగ్గురిలో ఒక పిల్లను చూపించి ‘ఈమె ట్రిప్లెట్’ అనవలసివస్తే దానికి ఒక్క మాట నాకు దొరకలేదు. మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు ఏదైనా అనేవారేమో కనుక్కొని వ్రాయండి.